ఇజు కొండల చెర్రీ పలకను

నేను కొండ చెర్రీని. జపాన్‌లోని ఇజు ద్వీపకల్పంలో, సముద్రపు గాలిని తట్టుకుంటూ పెరిగిన చెట్టు మాది. చెర్రీ అనగానే అందరికీ పూలు గుర్తొస్తాయి. ఎడో (నేటి టోక్యో) నగరపు కలప వర్తకులు మాత్రం పూల జోలికి పోయేవారు కాదు, మాను చూసేవారు. ఆ గాలిలో చెట్టు త్వరగా ఎదగదు. ఏడాదికింత చొప్పున, ఒత్తుగా, గట్టిగా చేవ పట్టుకుంటూ పోతుంది. బొమ్మల అచ్చుకు కావలసింది ఆ చేవే.

నన్ను మాను పొడవునా నిలువుగా కోశారు. ఇంగ్లండులో థామస్ బ్యూయిక్ (1753–1828) బాక్స్‌వుడ్‌ను అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీదే చెక్కేవాడు. అక్కడ కలప పోగు నిటారుగా నిలబడి ఉంటుంది కనుక పనిముట్టు ఎటు తిప్పినా సాగుతుంది. కానీ ఆ చెట్టు మాను సన్నం. పెద్ద బొమ్మ కావాలంటే ముక్కలు అతకాల్సిందే. నాలో పోగు పడుకుని ఉంటుంది. దాదాపు 38 సెంటీమీటర్ల పొడవు, 26 వెడల్పు ఉన్న కాగితాన్ని అతుకు లేకుండా మోస్తాను. అందుకు బదులుగా, పోగుకు అడ్డంగా గీత వచ్చిన ప్రతిచోటా చెక్కేవాడు ఊపిరి బిగబట్టాలి.

కోశాక ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టారు. ఎండలో పెడితే పైన బిగిసి లోపల పచ్చిగా ఉండి పగుళ్లిస్తాం. ఆరేటప్పుడు వంకర తిరిగిన పలకలను మా వరస నుంచి తీసేశారు. అంత పట్టింపు ఎందుకో 1765 తర్వాతి బొమ్మలు చూస్తే తెలుస్తుంది. చిత్రకారుడు సుజుకి హరునొబు కాలంలో, ఆ ఏడాది, నిండు రంగుల ముద్రణ మొదలైంది. ఒక్కో రంగుకు ఒక్కో పలక. తడిపిన కాగితం ఒకటే, అది వరసగా పలకలన్నిటి మీదికీ వెళ్లాలి. ప్రతి పలక మూలనా చెక్కిన ‘కెంతో’ గుర్తుకు కాగితం అంచును ఆనించి వేస్తారు. నాలాంటి పలక ఒక్కటి తడికి ఉబ్బినా పెదవి ఎరుపు గడ్డం మీదికి జారుతుంది. బాగా ఆరిన చెర్రీ అంత సులువుగా కదలదు. మా జాతిని ఎంచుకోవడానికి పెద్ద కారణం ఇదే.

రెండో కారణం కత్తికి తెలుస్తుంది. దేవదారు జాతి కలపలో గట్టి చార పక్కనే మెత్తని చార ఉంటుంది. కత్తి ఒకచోట ఆగుతుంది, మరుచోట దూకుతుంది. నాలో ఈ మూల నుంచి ఆ మూల దాకా గట్టిదనం ఇంచుమించు ఒకటే. పెళుసు కాను, మెత్తన కాను.

నా మీదికి వచ్చింది తల దువ్వుకుంటున్న స్త్రీ బొమ్మ. చిత్రకారుడు పలచని కాగితం మీద గీసిచ్చిన దాన్ని గంజితో నా మీద బోర్లా అంటించారు. వెనకవైపు కాగితపు పొరను తడి వేళ్లతో నలిపి నలిపి తీసి, కాస్త నూనె రాస్తే గీతలు మెరుస్తూ తేలాయి. అసలు గీత అక్కడితో సరి. కత్తి కింద ఆ కాగితం ముక్కలైపోతుంది. చిత్రకారుడి చేతిగీత ఇక బతికితే నాలోనే బతకాలి.

బట్టలు, నేపథ్యం శిష్యులు చెక్కారు. ముఖమూ జుట్టూ పెద్ద పనివాడివి. నుదుటికీ జుట్టుకూ కలిసేచోట వెంట్రుకలను ఆయన రోజంతా చెక్కాడు. ఒక్కో వెంట్రుకకు రెండు కోతలు, ఒకటి కుడి వాలుగా, ఒకటి ఎడమ వాలుగా. గీత పైన సన్నగా, అడుగున వెడల్పుగా నిలవాలి. నిటారుగా కోస్తే అచ్చు వేసే ఒత్తిడికి విరిగిపోతుంది. రెండు వెంట్రుకల మధ్య నుంచి లేచిన పొట్టు దుమ్ములా ఉంది. పక్కన కూర్చున్న కుర్రాడితో ఆయన అన్నాడు: “కత్తిని నెట్టకురా. పోగు ఎటు పోతోందో చూసుకో, దాన్ని ఒప్పించుకుని వెళ్లు.” ఇంతకంటే సన్నని పని వస్తే ఆ మేరకు నాలాంటి పలకలో బాక్స్‌వుడ్ ముక్క పొదగడం కూడా ఉంది. నాకా అవసరం రాలేదు. ఆ మాట గర్వంగానే చెబుతున్నాను.

గీతల పలకనే కాదు, రంగు పలకలనూ చూడాలి. చదునుగా రంగు పరిచేచోట కలప చారలే బొమ్మలోకి దిగుతాయి. హొకుసాయ్ 1830ల తొలినాళ్లలో వేసిన ఎర్రని ఫుజి కొండను మొదటి ప్రతుల్లో దగ్గరగా చూడండి. అక్కడ కనిపించే సన్నని చారలు ఏ కుంచె గీసినవీ కావు, చెట్టువి. తెలిసినవాళ్లు ఏ చార నీటికి నప్పుతుంది, ఏది ఆకాశానికి నప్పుతుంది అని పలకను ఎంచి, తడిపి రుద్ది ఆ చారను పైకి తెచ్చేవారు. నా లెక్కలో ముద్రణ కళలో ఇంతకు మించిన ఎంపిక లేదు. బొమ్మల మీద చిత్రకారుడి పేరూ ప్రచురణకర్త ముద్రా ఉంటాయి. హరునొబు కాలపు కొన్నిటి మీద చెక్కినవారి పేరూ అచ్చువేసినవారి పేరూ కూడా ఉన్నాయి. అవి అన్నిటి మీదా ఉండాల్సింది.

నామీద కుంచెతో నల్లరంగు పులిమి, కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన ‘బారెన్’ అనే బిళ్లతో గుండ్రంగా రుద్దేవారు. వందల మీద వందలు అలా వేశాక అంచులు మొద్దుబారాయి. ఒక వెంట్రుక విరిగింది, చట్రం గీతలో చిన్న ఖాళీ వచ్చింది. అలాంటి ఖాళీలను బట్టే ఏ ప్రతి ముందుదో, ఏది వెనకటిదో ఇవాళ నిపుణులు చెబుతారు. ఆ రోజుల్లో పలకలు ఎవరి దగ్గరుంటే ఆ బొమ్మ అచ్చువేసే హక్కు వారిది. నేనూ చేతులు మారాను. గిరాకీ తగ్గాక ఒకవైపు చిత్రిక పట్టి కొత్త బొమ్మ చెక్కారు. నా తోటివాళ్లలో పొయ్యిలోకి వెళ్లినవాళ్లు చాలామంది.

1904లో యమమొతో కనాయె తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చువేసి జాలరి బొమ్మ తెచ్చాక, చిత్రకారులే ఉలి పట్టే దారి పడింది. వాళ్లకు కత్సురా, షీనా ప్లైవుడ్ లాంటి మెత్తని కలప తేలిక, చవక. నాకు వాటి మీద చిన్నచూపు లేదు. వెడల్పాటి గీతకు, పెద్ద చదును రంగుకు అవి చాలు. కానీ ముదురు కొండ చెర్రీ పలక ఇప్పుడు దొరకడం గగనమైంది. ప్లైవుడ్ మీద పలచని చెర్రీ పొర అతికించి పని నడుపుకుంటున్నవాళ్లున్నారు. అక్కడ కూడా కత్తి తగిలే పైపొరకు చెర్రీయే కావలసి వచ్చింది.

ఈ మధ్య ఒకావిడ నన్ను అటక మీంచి దించి, బల్ల మీద పెట్టి మందం కొలిచింది. ఇంకొక చిత్రిక ఓర్చుకుంటాను. ఏ బొమ్మ వేసినా సరే, ముందు జుట్టు చెక్కమనండి.