డెబ్బై ఐదు శాతం అమ్మ

మన విశ్వవిద్యాలయాలకు ఆడపిల్లలంటే ఎంత గౌరవమంటే, వాళ్లకు కడుపు వస్తుందన్న ఊహను కూడా దగ్గరికి రానివ్వవు. అప్లికేషను ఫారంలో తండ్రి పేరు అడుగుతారు, పెళ్లయిందో లేదో అడుగుతారు, కులం, ఉపకులం, పుట్టుమచ్చలు రెండు అడుగుతారు. ఇంత ఆరా తీసిన పెద్దమనుషులకు, పెళ్లయిన పిల్ల ఏదో ఒకరోజు నెల తప్పుతుందన్న అనుమానం మాత్రం కలగదు. ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్లినవాడికి హాజరు వేస్తారు. కబడ్డీ పోటీలకు వెళ్లినవాడికి వేస్తారు. యువజనోత్సవంలో కోలాటం ఆడి వచ్చినా వేస్తారు. పురిటికి వెళ్లిన పిల్ల సంగతేమిటని అడిగితే సూపరింటెండెంటు గారు కళ్లజోడు సవరించుకుని "అలాంటి కేసు ఇంతవరకు మా దగ్గరికి రాలేదమ్మా" అంటారు. నిజమే, రాలేదు. కేసు టీసీ తీసుకుని వెళ్లిపోయింది.

జేఎన్‌టీయూ కాలేజీల్లో చదివిన ఎవరినైనా నిద్రలో లేపి అడగండి, హాజరు లెక్క తడుముకోకుండా చెబుతారు. 75 శాతం ఉంటే పరీక్ష. 65కూ 75కూ మధ్యన ఉంటే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష. 65 కంటే తగ్గితే దేవుడు దిగివచ్చినా డిటెన్షనే. సెమిస్టరుకు తొంభై పనిదినాలనుకుందాం. ఫీజు కట్టి, బతిమాలి, సంతకాలన్నీ చేయించుకున్నాక చేతిలో మిగిలేది ముప్పై ఒక్క రోజు. తొలి మూడు నెలల వేవిళ్లు, నెలనెలా చెకప్పు, ఐదో నెల స్కానింగు, చివర్లో దొంగ నొప్పులు, అసలు నొప్పులు, పురుడు, పచ్చి ఒళ్లు, బిడ్డకు కామెర్లు వస్తే ఆస్పత్రిలో మరో నాలుగు రోజులు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. గర్భం రెండు సెమిస్టర్లు సాగుతుంది కాబట్టి రెండు ముప్పై ఒకట్లు వస్తాయి కదా అని లెక్కల మాస్టారు ఎవరైనా అనవచ్చు. వస్తాయి. కానీ పురుడు సగం ఈ సెమిస్టర్లో, సగం ఆ సెమిస్టర్లో రాదు. ఇక ఏడో నెలలో మూడో అంతస్తు ల్యాబుకు మెట్లెక్కడం, బల్లా కుర్చీ కలిపి బిగించిన బెంచీలో కడుపును ఇరికించుకోవడం ఏ శాతంలోకీ రావు. ఆ బెంచీ చేసిన వడ్రంగి కూడా యూనివర్సిటీ నిబంధనలు చదివే కొలతలు తీసుకున్నట్టున్నాడు.

కాబట్టి నిబంధనలను గౌరవించే ఇల్లాలు చేయదగ్గది ఒకటే: పంచాంగం పక్కన పెట్టి, అకడమిక్ క్యాలెండర్ చూసి కాపురం చేయడం. పరీక్షలు ముగిశాక, కాలేజీ తెరిచేలోపు, మే నెలాఖర్లో కాన్పు కావాలి. వెనక్కి లెక్కేస్తే వినాయక చవితికి అటూ ఇటుగా నెల నిలవాలి. ఇక్కడో చిక్కుంది. కొత్త జంటను ఆషాఢంలో విడదీయడానికి మన పెద్దలు చెప్పే కారణాల్లో ఒకటి, ఎండల్లో పురుడు రాకూడదని. యూనివర్సిటీ వారు ఎండల్లో తప్ప పురుడు రాకూడదంటారు. ఒకవైపు అత్తగారు, ఒకవైపు అకడమిక్ సెక్షను. పైగా తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. సీమంతం చేసి తీసుకెళ్లిన పిల్లను బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా పంపరు. వేలిముద్రల యంత్రం హైదరాబాదులో ఉంటుంది, వేలు నారాయణఖేడ్‌లో ఉంటుంది.

విశ్వవిద్యాలయానికి తెలియకపోతే పోనివ్వండి. దాన్ని పోషించే ప్రభుత్వానికి మాత్రం ఆడపిల్ల పెళ్లి, కడుపు, కాన్పు అన్నీ బాగా తెలుసు. తెలంగాణలో పద్దెనిమిది నిండిన పేదింటి పిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు. పద్దెనిమిదంటే డిగ్రీ మొదటి ఏడాది. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లికి మగబిడ్డయితే 12 వేలు, ఆడబిడ్డయితే 13 వేలు, వాటిపైన దోమతెర, సబ్బులు, పౌడరు డబ్బా ఇచ్చారు. మేనమామలా పెళ్లి ఖర్చు పెట్టుకుని పురుడు కూడా పోసిన ఇదే ప్రభుత్వం, 2019లో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీల ప్రవేశ ప్రకటనలో 'అవివాహితలే అర్హులు' అని షరతు పెట్టింది. ఎందుకని అడిగితే అధికారులు ఇచ్చిన సంజాయిషీ పత్రికల్లో వచ్చింది: పెళ్లయినవాళ్ల కోసం పదిహేను రోజులకోసారి భర్తలు వస్తారట, మిగతా పిల్లల మనసు చెదురుతుందట. గేటు దగ్గర ఎండలో, మిక్చరు పొట్లం పట్టుకుని, వాచ్‌మన్ చేత చీవాట్లు తింటూ నిలబడే ఆ పాపపు మొగుణ్ని చూసి మనసు చెదిరే ఆడపిల్లను నేనింతవరకు చూడలేదు. ఏమైతేనేం, లక్షా నూటపదహార్లు ఒక చేతిలో పెట్టి, సీటు ఇంకో చేతిలోంచి తీసుకున్నారు.

ఆంధ్రా వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భిణులో. తెలంగాణలో అది 5.8. ఇంటర్, డిగ్రీ చదవాల్సిన వయసది. వీళ్లకు కాలేజీలో చోటు చూపించాల్సిన ఆంధ్రా సర్కారు ఇప్పుడు మరింత ఉత్సాహంగా ఉంది. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు జనాభా తగ్గిపోతోంది, పిల్లల్ని కనండి అంటున్నారు. ఎంతమంది పిల్లలున్నా మహిళా ఉద్యోగులకు ప్రసూతి సెలవు ఇస్తామన్నారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ గారైతే మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవును ఇస్తానన్నారు. సంతోషం. మూడో బిడ్డకు ఆవు వస్తుంది. మొదటి బిడ్డను కన్న డిగ్రీ పిల్లకు మాత్రం హాజరు 75 శాతానికి తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుంది. ఆ ఆవును అమ్మి ఫీజు కట్టుకుందామన్నా మూడో కాన్పు దాకా ఆగాలి.

ఒకే వరండాలో ముగ్గురు గర్భిణులు నడుస్తున్నారనుకోండి. మొదటావిడ లెక్చరరు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణతో వచ్చిన 26 వారాల సెలవు ఆమెకు ఉంది, జీతంతో. (ప్రైవేటు కాలేజీలో ఆ సెలవు నిజంగా ఇస్తారా, ఇచ్చాక తిరిగి ఉద్యోగం ఉంటుందా అన్నది వేరే వ్యాసం.) రెండో ఆవిడ పీహెచ్‌డీ స్కాలరు. యూజీసీ నిబంధనల్లో ఆమెకు కోర్సు మొత్తం మీద 240 రోజుల దాకా సెలవుకు వీలుంది, గడువు పొడిగింపు కూడా ఉంది. మూడోది బీఏ రెండో సంవత్సరం పిల్ల. ముగ్గురిలో చిన్నది, ఒంట్లో రక్తం తక్కువ ఉండేదీ బహుశా ఆమే. ఆమెకు కండోనేషన్ ఫారం. అంటే యూనివర్సిటీ దృష్టిలో పిండానికి కూడా కనీస విద్యార్హత ఉండాలి. పీజీ దాటితే గానీ ఎదగనివ్వరు.

ఈ లోటు యూజీసీకి తెలియక కాదు. 2021 డిసెంబరు 14న వైస్ చాన్సలర్లందరికీ లేఖ రాసింది. డిగ్రీ, పీజీ అమ్మాయిలకు కూడా ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు, పరీక్ష ఫారాలకు గడువు పెంపు ఇచ్చేలా తగిన నిబంధనలు మీరే చేసుకోండి అంది. తగినవేవో తేల్చాలంటే కమిటీ కావాలి. కమిటీ కూర్చోవాలంటే కోరం కావాలి. కోరం దొరికేసరికి వైస్ చాన్సలర్ పదవీకాలం అయిపోతుంది, ఇన్‌చార్జి వీసీ గారు విధాన నిర్ణయాలు తీసుకోరు. కొట్టాయంలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం మాత్రం ఆ లేఖ వచ్చిన ఏడాదికే, 2022 డిసెంబరులో, డిగ్రీ, పీజీ పిల్లలకు 60 రోజుల సెలవు తేల్చేసింది. మరుసటి నెలలో కేరళ ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాలన్నిటికీ ఆ 60 రోజులను వర్తింపజేసింది. మలయాళీ గర్భానికి, తెలుగు గర్భానికి తేడా ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు. అంతెందుకు, మన పిల్లల్ని ఎమ్మెస్‌కు పంపే అమెరికాలో 1975 నుంచీ, చదువుల్లో లింగవివక్షను నిషేధించే టైటిల్ నైన్ నియమాల్లో ఈ ఏర్పాటు ఉంది: డాక్టరు ఎన్నాళ్లంటే అన్నాళ్లు సెలవు, తిరిగి వస్తే పాత స్థానం పాత స్థానమే. డల్లాస్‌లో కడుపుతో ఉన్న కూతురికి ఈ హక్కు ఉందని మురిసిపోయే తండ్రుల్లో మన రిజిస్ట్రార్లూ కొందరు ఉండే ఉంటారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా కనిపించేది బీఎడ్ కాలేజీ. తరగతిలోకి తొంగి చూడండి, నల్లపూసలు లేని వరస ఉండదు. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లో తరగతులకు 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. వాళ్లు చదివే పేపర్లలో ఒకటి 'బాల్యం, ఎదుగుదల'. పసిబిడ్డకు తొలి నెలల్లో తల్లి స్పర్శ ఎంత అవసరమో మార్కులకు రాయాలి. అది రాస్తున్న తల్లి ఆరువారాల బిడ్డ, గేటు బయట చెట్టు కింద, అమ్మమ్మ ఒళ్లో డబ్బా పాలు తాగుతూ ఉంటుంది. పాలిచ్చి వస్తానని లేస్తే ఒక పీరియడు పోతుంది. లేవకపోతే జాకెట్టు తడుస్తుంది. పాలివ్వడానికి గది లేదా అని అడిగితే, ప్రిన్సిపాల్ గారు కాసేపు ఆలోచించి స్టోర్ రూము తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుంటామంటారు. నర్సింగ్ కాలేజీ ఇంకో మెట్టు పైన. అక్కడ మంత్రసానితనం ఒక సబ్జెక్టు. ఎవరెవరి కాన్పులో చూసి, చేసి, రికార్డు పుస్తకంలో లెక్క రాసుకోవాలి. తన కాన్పు ఒక్కటే ఆ లెక్కకు రాదు. దానికి గైర్హాజరు.

కోర్టుకెళ్లవచ్చు కదా అంటారా? వెళ్లారు. 2018లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో లా చదువుతున్న ఒక అమ్మాయి బిడ్డను కన్నది, హాజరు తగ్గింది, నాలుగో సెమిస్టరు పరీక్ష రాయనివ్వమని హైకోర్టును అడిగింది. బార్ కౌన్సిల్ 70 శాతం ముందు కాన్పు నిలబడలేదు. సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. చట్టంలో తనకు చోటు లేదని చట్టం చదివే పిల్ల స్వయంగా నేర్చుకుంది, ఆ ప్రాక్టికల్‌కు హాజరు వేశారో లేదో. 2023లో మేరఠ్‌లోని చౌధరీ చరణ్ సింగ్ విశ్వవిద్యాలయంలో ఎంఎడ్ చదివే ఇంకో తల్లి అదే హైకోర్టుకు వచ్చింది. చదువు కావాలో బిడ్డ కావాలో తేల్చుకోమని ఆడదాన్ని నిలదీయడం కుదరదని ఈసారి కోర్టు చెప్పింది, ఆమె 59 రోజుల సెలవును మళ్లీ పరిశీలించమని విశ్వవిద్యాలయాన్ని ఆదేశించింది. మధ్యలో అయిదేళ్లు గడిచాయి. రాజ్యాంగం మారలేదు, న్యాయమూర్తి మారారు. బిడ్డను కనబోయే విద్యార్థిని ఇక మంచి డాక్టరుతో పాటు మంచి బెంచి కూడా దొరకాలని మొక్కుకోవాలి.

పత్రికలవాళ్లం మేమూ తక్కువ తినలేదు. 2023లో బీహార్‌లోని బాంకాలో ఒక అమ్మాయి, కాన్పయిన కొద్ది గంటలకే అంబులెన్సులో వెళ్లి పదో తరగతి సైన్సు పరీక్ష రాసింది. ఆహా సంకల్పం, ఓహో పట్టుదల అని రాశాం. పరీక్ష ఇంకోరోజు పెడితే బోర్డు సొమ్మేం పోయిందని రాయలేదు. 2018లో మహబూబ్‌నగర్ జిల్లాలో కానిస్టేబుల్ రాత పరీక్ష జరుగుతుంటే, లోపల పరీక్ష రాస్తున్న తల్లి కోసం ఏడుస్తున్న పసిగుడ్డును ఒక హెడ్ కానిస్టేబుల్ ఎత్తుకుని ఊరడించాడు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది, అందరం లైకులు కొట్టాం. ఆయన మంచివాడే. కానీ పరీక్షా కేంద్రంలో ఒక గది, ఒక ఆయా, రెండు ఊయలలు ఉంటే ఆయన తన డ్యూటీ తాను చేసుకునేవాడు, మనకు అంత మంచి ఫొటో దొరికేది కాదు.

ఇంత చెప్పాక విశ్వవిద్యాలయ పెద్దలు ఒక మాటంటారు: "సెలవిస్తే దుర్వినియోగం చేస్తారండీ." ఆలోచించదగ్గదే. మూడు నెలల హాజరు ఎగ్గొట్టడం కోసం తొమ్మిది నెలలు మోసి, నొప్పులు పడి, కుట్లేయించుకుని, మూడేళ్లు రాత్రి నిద్ర మానుకునే కుట్ర ఆడపిల్లలు పన్నే ప్రమాదం లేకపోలేదు. మగపిల్లలకు అంత ఓపిక ఉండదు. హీరో సినిమా విడుదలైన రోజు పక్కవాడు "ఎస్సార్" అంటే వాళ్ల పని అయిపోతుంది.

ఆ మాటకొస్తే ఆఫీసులో మంచివాళ్లు లేకపోలేదు. బిడ్డను అమ్మమ్మకు అప్పగించి, కండోనేషన్ ఫారంతో కౌంటరు ముందు నిలబడిన బాలింతను చూసి గుమాస్తా గారి మనసు కరుగుతుంది. సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూస్తారు. గొంతు తగ్గించి చెబుతారు: "కాన్పంటే జబ్బు కాదు కదమ్మా. ఇలా పెడితే ఫైలు రిజిస్ట్రార్ గారి దాకా వెళ్లాలి, అప్పటికి పరీక్షలే అయిపోతాయి. నా మాట విని, అదే డాక్టరు దగ్గరికెళ్లి టైఫాయిడ్ అని రాయించుకురా. ఇక్కడే సంతకం అయిపోద్ది."