ఓకే గానీ...

ఆయనది పట్టుచీరల షోరూము. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఉండొచ్చు, వరంగల్ చౌరస్తాలో ఉండొచ్చు; ఊరు మారినా మనిషి మారడు. ముప్ఫయ్యేళ్ల వ్యాపారం, నుదుట కుంకుమ, చొక్కా జేబులో రెండు ఫోన్లు. కొడుకు పోరు పడలేక ‘వెబ్‌సైటు ఒకటి పడేద్దాం’ అనుకున్నారు. అడ్వాన్సు చెక్కు మీద చకచకా సంతకం పెట్టారు. ఆ తరవాత ఇక దేనిమీదా పెట్టలేదు.

మాదాపూర్ నుంచి వచ్చిన డిజైనరమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి వైర్‌ఫ్రేమ్ చూపించింది. అంటే సైటుకి అస్థిపంజరం. రంగుల్లేవు, ఫొటోల్లేవు. బొమ్మ వచ్చే చోట ఒక పెట్టె, ఆ పెట్టెలో మూల నుంచి మూలకి ఇంటూ మార్కు. ఏది ఎక్కడ ఉండాలో, ఏది నొక్కితే ఎక్కడికి పోవాలో తేల్చుకోవడానికే ఆ గీతలు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశారు, దించి చూశారు.

“అన్నీ కొట్టేశావేంటమ్మా?”

“కొట్టేయలేదు సార్. అక్కడ ఫొటో వస్తుంది.”

“మరి రాలేదుగా?”

పెట్టెల కింద నాలుగు వరుసల లోరెమ్ ఇప్సమ్ ఉంది. క్రీస్తుపూర్వం 45లో రోమన్ వక్త సిసిరో రాసిన తత్వగ్రంథాన్ని ముక్కలు చేసి కలగలిపిన లాటిన్ అది. 1960లలో లెట్రాసెట్ అక్షరాల షీట్లతో డిజైనర్ల బల్లల మీదికి చేరింది. అర్థం లేకపోవడమే దాని అర్హత. చదవడానికేమీ లేకపోతే చూసేవాడు అమరికనే చూస్తాడని ఆశ. ఓనరు గారు మాత్రం చదివారు. నాలుగు వరుసలూ చదివారు. “స్పెల్లింగులన్నీ తప్పులేనమ్మా” అన్నారు. ఫొటో తీసి డాలస్‌లో ఉన్న అల్లుడికి పంపించారు. అల్లుడు బ్యాంకులకి జావా రాస్తాడు, డిజైన్‌తో సంబంధం లేదు. అయినా ఆ ఇంట్లో కంప్యూటర్ అనే మాట వినిపిస్తే సుప్రీంకోర్టు ఆయనే. తెల్లారేసరికి తీర్పు వచ్చింది: “స్పానిష్‌లా ఉంది మామయ్యా. ఇంకొంచెం మోడ్రన్‌గా చెయ్యమనండి.”

ఇలాంటి పెద్దమనుషులు మన దగ్గరే పుట్టారనుకోనక్కర్లేదు. ఇటలీ ప్రోగ్రామర్ పెల్డి గ్విలిజోనీ 2008లో వైర్‌ఫ్రేములు గీసుకోవడానికి బాల్సమిక్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చినప్పుడు, అందులో గీతలన్నీ కావాలనే వంకరటింకరగా, చేత్తో గీసినట్టు పెట్టాడు. బొమ్మ నున్నగా ఉంటే పనైపోయిందనుకుని రంగుల గురించి మాట్లాడతారు, మొరటుగా ఉంటేనే అసలు సంగతి మాట్లాడతారని. ఉపాయం మంచిదే. అమ్మాయి రెండో విడత అందులోనే గీసుకొచ్చింది. “మా మనవరాలు ఇంతకన్నా బాగా వేస్తుంది. యూకేజీ” అన్నారు ఓనరు గారు.

మూడో విడతకి వాస్తు పంతులు గారు కూడా కూర్చున్నారు. ఎడమ నుంచి చదివే అలవాటు కాబట్టి షాపు పేరు పైన ఎడమ మూల, కొన్నవి వేసుకునే బుట్ట కుడి మూల ఉంచడం మామూలు. స్క్రీన్ పైభాగం ఉత్తరం అనుకుంటే షాపు పేరు వాయవ్యంలో పడింది. వాయవ్యం గాలిమూల, పేరు నిలవదు. బుట్ట ఈశాన్యంలో ఉంది. ఈశాన్యంలో బరువా!

“ఫోను పక్కకి తిప్పితే ఉత్తరం ఎటు పోతుందండీ?” అని అడిగింది అమ్మాయి.

పంతులు గారు ఆలోచనలో పడ్డారు. ఓనరు గారు పడలేదు. “తిప్పనివ్వకుండా కోడింగ్ చెయ్యలేవా?”

ఇక ముహూర్తం సంగతి. ఆషాఢంలో కొత్త పనికి ఓకే చెప్పరు, పైగా ఆషాఢం సేలు. శ్రావణంలో వరలక్ష్మీవ్రతం బేరాలు, ఊపిరాడదు. ఆపైన దసరా, దీపావళి.

ఇంతా చేసి ఈయనకి గీతలు చదవడం రాదనుకుంటే పొరపాటే. పోచంపల్లి నుంచి నేతకారు గ్రాఫ్ కాగితం పట్టుకొస్తే, గళ్లలో పెన్సిలు గుర్తులు చూసి, కొంగులో ఏనుగు ఎటు తిరిగి ఉంటుందో, తొండం అంచుకి తగులుతుందో లేదో చెప్పేస్తారు. ఇక్కత్‌లో మగ్గం ఎక్కకముందే నూలుకి రంగు పడుతుంది. ఆసు పోసి, గ్రాఫ్ ప్రకారం రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో చిటికి కట్టి, అప్పుడు ముంచుతారు. ముంచాక మనసు మారితే నూలు దండగే. అందుకే కాగితం మీదే తేల్చేస్తారు. రెండు నిమిషాలు చూసి ‘ఊఁ’ అంటారు. ముప్ఫయ్యేళ్లలో ఆ ‘ఊఁ’ని వెనక్కి తీసుకున్నది లేదు.

ఒకరోజు కౌంటరు దగ్గర ఎదురుచూస్తూ ఈ తతంగం చూసింది అమ్మాయి. “ఇది కూడా మీ గ్రాఫ్ కాగితం లాంటిదే సార్. కోడింగ్ అంటే రంగులో ముంచడం” అంది.

ఆయన మొహం వెలిగింది. “ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!”

ఆ అరగంటలో ఆయన చెప్పినవి ఏ డిజైన్ పుస్తకంలోనూ దొరకవు. చీర కొనేవాళ్లు ధర కన్నా ముందు అడిగేది బ్లౌజు ముక్క ఉందా అని. ఆ వెంటనే, కొంగు పూర్తిగా పరిచి చూపించమంటారు. ఈ రెండింటికీ వైర్‌ఫ్రేములో చోటే లేదు. మూడు విడతల నుంచి ‘ఏదో లోటుందమ్మా’ అని ఆయన గొణుగుతున్నది ఇదేనేమో. బట్టని వేళ్ల మధ్య నలిపి బతికిన మనిషి ముందు బూడిదరంగు పెట్టెలు, లాటిన్ ముక్కలు పరిచి సంతకం పెట్టమంటే తప్పు సగం మనదేనని ఆమె ఆఫీసులో ఒప్పుకుంది కూడా. బ్లౌజు పెట్టె, కొంగు పెట్టె చేర్చి పంపింది. రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో జవాబు వచ్చింది: బొటనవేలు పైకెత్తిన బొమ్మ.

కోడింగ్ మొదలైంది. సగమయ్యాక ఫోను వచ్చింది.

“అమ్మా, హోం పేజీ మొత్తం ఒకసారి అటుదిటు చేసి చూద్దామా?”

“మీరు ఓకే అన్నారు కదా సార్?”

“నేనెప్పుడన్నాను? చూశానని వేలు పెట్టానంతే.”

సరిగ్గా ఇదే మాట కెనడాలో ఒక రైతు కోర్టులో అన్నాడు. 2021లో సస్కాచెవాన్‌లో ధాన్యం కొనే కంపెనీ ఒకటి అవిసె గింజల ఒప్పందాన్ని ఫొటో తీసి, ఖాయం చెయ్యమని అతని ఫోనుకి పంపింది. అతను బొటనవేలి బొమ్మ పెట్టాడు. గింజల ధర పెరిగింది, సరుకు రాలేదు. కాగితం అందిందని చెప్పడానికే ఆ వేలు అని అతని వాదన. కాదు, అది సంతకమేనని 2023లో కోర్టు తేల్చి, సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. 2024 డిసెంబరులో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది. వేలిముద్రకి అలవాటు పడిన దేశంలో మనకిది పెద్ద వింతేమీ కాదు.

డిజైనరమ్మాయి ఆ వార్తని తెలుగులో రాసి, ముఖ్యమైన చోట గీత గీసి, ఓనరు గారికి వాట్సాప్‌లో పంపింది.

ఆయన దానికీ బొటనవేలు పెట్టారు.