ముందే చెప్పాం కదండీ!

ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లకు యజమాని అయిన మెటా కంపెనీకి పొంచి ఉన్న రిస్కుల్లో కుస్తీ కూడా ఒకటి. వేళాకోళం కాదు. 2024 ఫిబ్రవరిలో అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఇచ్చిన వార్షిక నివేదికలోని రిస్కుల చిట్టాలో కంపెనీయే రాసుకుంది. కంపెనీ అధినేత జుకర్‌బర్గ్ గారూ, యాజమాన్యంలో మరికొందరూ కొట్లాట క్రీడలు, సాహస క్రీడలు ఆడుతుంటారనీ, సరదాకి విమానాలెక్కి తిరుగుతుంటారనీ, వాటిలో గట్టి దెబ్బలు తగలొచ్చు, ప్రాణాలే పోవచ్చనీ మదుపరులకు మనవి చేసుకుంది. అంతకు మూడు నెలల ముందే అయ్యగారు ఫైటింగ్ ప్రాక్టీసులో మోకాలి లిగమెంటు తెంపుకుని ఆపరేషన్ చేయించుకున్నారు మరి.

మన ఇళ్లలో అయితే అమ్మ ఒక్క కేక వేస్తే ఆట కట్టేది. అక్కడ కేక వేసే నాథుడు లేడు. వాటాదారుల ఓట్లలో సగానికి పైగా ఆయన గుప్పిట్లోనే ఉన్నాయి. ఆ సంగతి కూడా అదే చిట్టాలో మరో రిస్కుగా నమోదైంది. ఆయనకేమన్నా అయితే ఒక రిస్కు, నిక్షేపంలా ఉంటే ఇంకో రిస్కు.

అమెరికాలో జనానికి షేర్లు అమ్మే కంపెనీలు వార్షిక నివేదికలో ఈ చిట్టా రాయాలన్నది 2005లో వచ్చిన నిబంధన. దానికి పదేళ్ల ముందే, 1995లో, ఒక చట్టం వచ్చింది. రాబోయే రోజుల గురించి కంపెనీ ఎన్ని గొప్పలు పోయినా సరే, పక్కనే తగిన హెచ్చరిక ఉంటే చాలు, ఆ గొప్ప గాల్లో కలిసినప్పుడు కోర్టులో కాస్త గొడుగు దొరుకుతుంది. ఇంకేం, లాయర్లు రెచ్చిపోయారు. భూకంపం, యుద్ధం, మహమ్మారి, హ్యాకర్లు, చైనా, యూరప్, పత్రికల్లో చెడు వార్తలు, ఒకటని ఏముంది, అన్నీ ఎక్కించారు. ఎస్‌ఈసీ కూడా చూసి చూసి 2020లో ఓ షరతు పెట్టింది. చిట్టా 15 పేజీలు దాటితే ముందు రెండు పేజీలకు మించని సారాంశం ఇవ్వాలంది. పేజీలు తగ్గిస్తారని ఆశపడింది కాబోలు. మెటా చిట్టా ఇప్పటికీ 15 దాటే ఉంటుంది, పైగా సారాంశం ఒకటి.

వేదిక ఎక్కినప్పుడు మెటా ప్రపంచాన్ని కలిపే మహాయజ్ఞం చేస్తుంటుంది. చిట్టాలోకి వచ్చేసరికి స్వరం మారుతుంది. మా రాబడి దాదాపు మొత్తం ప్రకటనలదే, అవి పోతే మేమూ పోతాం అంటుంది. జనం మా యాప్‌లు చూసేది పక్కవాడి ఫోన్లలో, వాడు నిబంధన మారిస్తే మా గతి అంతే అంటుంది. అన్నంత పనీ అయింది. 2021లో ఆపిల్ తన ఐఫోన్లలో ‘ఈ యాప్ మీ జాడ తీయొచ్చా, వద్దా’ అని యజమానినే అడగడం మొదలుపెట్టింది. ఆ చిన్న ప్రశ్నకే 2022లో సుమారు 1,000 కోట్ల డాలర్ల రాబడికి గండి పడుతుందని మెటా లెక్క తేల్చింది. ఆ కబురు చెప్పిన మర్నాడు, ఫిబ్రవరి 3న, షేరు 26 శాతం పడిపోయింది.

నకిలీ ఖాతాల పద్దు ఇంకా రంజుగా ఉంటుంది. 2021 నివేదిక ప్రకారం ఫేస్‌బుక్‌కు నెలవారీ వాడకందార్లు 291 కోట్లు. అందులో దాదాపు 11 శాతం ఒకే మనిషి తెరిచిన అదనపు ఖాతాలు కావచ్చట, మరో 5 శాతం అచ్చంగా దొంగ ఖాతాలట. ఆ 11 శాతమే దాదాపు అమెరికా జనాభా అంత! మనం మన ఓటర్ల జాబితాను ఊరికే ఆడిపోసుకుంటాం.

ఇంత నిజాయితీ చూసి ఎవరికైనా కళ్లు చెమర్చాలి. కానీ ఒక్క చోట కథ అడ్డం తిరిగింది. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ చేతిలో వాడకందార్ల వివరాలు పడ్డాయని ఫేస్‌బుక్‌కు 2015లోనే తెలుసు. అయినా ఆ తర్వాత రెండేళ్లకు పైగా చిట్టాలో మాత్రం, వివరాలు దుర్వినియోగం అయ్యే అవకాశం ఉందని రాస్తూ పోయిందన్నది ఎస్‌ఈసీ అభియోగం. పెళ్లిచూపుల్లో అబ్బాయి తండ్రి ‘ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎప్పుడైనా ఊడొచ్చండీ’ అని వేదాంతం చెప్పాడనుకోండి. ఎంత దాపరికం లేని మనిషో అని ఆడపెళ్లివారు మురిసిపోతారు. తీరా మూడు ముళ్లూ పడ్డాక తెలుస్తుంది, ఆ ఉద్యోగం ఊడి అప్పటికే రెండేళ్లయిందని. నిలదీస్తే ఆ పెద్దమనిషి ఏమంటాడు? ముందే చెప్పాం కదండీ అంటాడు.

మొత్తం మీద 8.7 కోట్ల మంది వివరాలు పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్కే తర్వాత ఒప్పుకుంది. మన దేశంలో ఆ వివరాలు లాగిన క్విజ్ యాప్ పెట్టుకున్నది 335 మందేనట. స్నేహం పుణ్యాన చిక్కిన వారి స్నేహితులతో కలిపి 5.62 లక్షల మంది. 2019 జులైలో ఎస్‌ఈసీతో 10 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, తప్పు ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఆ ఏడాది కంపెనీ రాబడి 7,000 కోట్ల డాలర్ల పైమాట. భాగించి చూసుకుంటే ఆ జరిమానా ఒక పూట కలెక్షన్. రాజీ కుదిరిన రోజే అమెరికా ట్రేడ్ కమిషన్ వేసిన 500 కోట్ల డాలర్ల జరిమానా మాత్రం కాస్త చురుక్కుమనిపించి ఉంటుంది.

ఇదే వ్యవహారం మీద వాటాదారులు వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రిస్కుల చిట్టా అంటేనే రేపటి ముచ్చట, నిన్న ఏమీ జరగలేదని మేమెక్కడన్నా అన్నామా అన్నది ఫేస్‌బుక్ వాదన సారం. 2024 నవంబరులో జడ్జీలు వాదనలన్నీ విని, అసలీ కేసు మేం చేపట్టాల్సింది కాదంటూ ఒక్క వాక్యంతో వదిలించుకున్నారు. ఏది తప్పో చెప్పనే లేదు. దావా మళ్లీ కింది కోర్టుకు పోయింది. లాయర్లకు మాత్రం ఏ రిస్కూ లేదు.

ఇంతకీ ఈ చిట్టాలో మనం ఎక్కడున్నాం? ఉన్నాం, కాకపోతే కంపెనీకి ఎదురయ్యే గండాల్లా ఉన్నాం. పిల్లల మానసిక ఆరోగ్యం పాడుచేస్తున్నారంటూ 2023 అక్టోబరులో 40కి పైగా అమెరికా రాష్ట్రాలు మెటా మీద కోర్టుకెక్కాయి. ఆ గొడవ నివేదికలో వ్యాజ్యాల పద్దు కింద కనిపిస్తుంది. పిల్లకు నిద్ర పట్టకపోవడం రిస్కు కాదు, పిల్ల తల్లి లాయరును పట్టడం రిస్కు.

అన్నిటికన్నా పెద్ద భయం మరొకటుంది. వాడకందార్లకు తన మీద నమ్మకం పోయి, యాప్‌లు వదిలేసి వెళ్లిపోతే ఎలా అని కంపెనీ ఏటా బెంగపడుతుంది. ఎక్కడికి పోతాం? అపార్ట్‌మెంటుకు ట్యాంకరు ఎన్నింటికొస్తుందో వాట్సాప్‌లోనే తెలియాలి. బడి హోంవర్కు అందులోనే, పెళ్లి శుభలేఖ అందులోనే, డల్లాస్‌లో ఉన్న మనవడి మొహం అందులోనే. ఏదో గ్రూపులో ఈ కంపెనీని తిడుతూ వచ్చిన మెసేజ్‌ని కూడా అందులోనే పదిమందికి ఫార్వర్డ్ చేస్తాం. ఈ ఒక్క రిస్కు విషయంలో కంపెనీ లేనిపోని కంగారు పడుతోంది.