మనం ఎప్పుడో సింగపూర్ అయిపోయాం

తులనాత్మక రాజకీయాల పాఠ్యపుస్తకం ఏదైనా సరే, బ్రిటన్‌కు ఒక అధ్యాయం, అమెరికాకు ఒకటి, ఫ్రాన్సుకు ఒకటి ఇస్తుంది. సింగపూర్‌కు దక్కేది సాధారణంగా పేజీ మధ్యలో ఒక చిన్న పెట్టె. దేశం సంపన్నమైతే ప్రజాస్వామ్యం గట్టిపడుతుందని మూడు పేజీలు ధీమాగా చెప్పుకొచ్చిన పండితుడు, ఆ పెట్టె దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంటాడు.

ఆయన ఇబ్బందీ నిజమే. 1959 నుంచి అధికారంలో ఒకే పార్టీ. ఎన్నికలు వేళకు జరుగుతాయి, ఓటు వేయడం చట్టరీత్యా తప్పనిసరి. అయినా 1968 ఎన్నికల నుంచి 1981లో ఆన్సన్ ఉప ఎన్నికలో జెయరత్నం గెలిచేదాకా పార్లమెంటులో ప్రతిపక్షం తరఫున గెలిచి కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. మొన్న 2025లో పాలక పక్షానికి 65.57 శాతం ఓట్లు వస్తే, 97 సీట్లలో 87 వచ్చాయి. దీన్ని ఏ గడిలో రాయాలి?

రాజకీయ శాస్త్రవేత్త ఆడం షెవోర్‌స్కీ బృందం ఒక కిటుకు కనిపెట్టింది. అధికారంలో ఉన్నవాడు ఓడి దిగిపోతే తప్ప ప్రజాస్వామ్యం కింద లెక్క వేయరు. ఈ నిబంధన దగ్గర సింగపూర్‌కు తోడుగా చాలాకాలం బోట్స్వానా ఉండేది. 2024లో అక్కడి పార్టీ 58 ఏళ్ల తర్వాత ఓడిపోయింది. ఇక ఆ పేరు కొట్టేసి కొత్త ఎడిషన్ వేయొచ్చు, కొత్త ధరకు.

మిగతా కొలతగాళ్లకు ఇంత పట్టింపు లేదు. సింగపూర్ అంటే ఎకనామిస్ట్ వారి సూచీలో 'లోపభూయిష్ట ప్రజాస్వామ్యం'. ఫ్రీడమ్ హౌస్ లెక్కలో 'పాక్షికంగా స్వేచ్ఛ గలది'. స్వీడన్‌లోని వి-డెమ్ లెక్కలో 'ఎన్నికలు జరిగే నిరంకుశత్వం'. ఇప్పుడు అవే మూడు పట్టికల్లో ఇండియా ఎక్కడుందో చూడండి. అదే గడి, అదే గడి, అదే గడి.

2014 నుంచి 'సింగపూర్ చేస్తాం' అని మొత్తుకుంటున్న చంద్రబాబు గారికి ఈ పట్టిక ఎవరూ చూపించినట్టు లేదు. పాపం, అయిపోయిన పెళ్లికి ముహూర్తం వెతుకుతున్నారు.

పట్టికకు పట్టనివి రెండు మూడున్నాయి. 1997 ఎన్నికల్లో ప్రధాని గోహ్ చోక్ టాంగ్, తమకు ఓటేసిన పేటల్లోని హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టించిన) ఇళ్లకే ముందు హంగులు చేయిస్తామని బాహాటంగా చెప్పారు. మన ఊళ్లో ఇదే మాట ఏ సర్పంచి అన్నా ఇండియా అధ్యాయంలో 'ఓట్ల కోసం తాయిలాలు' అని పడుతుంది. అక్కడైతే 'పనితీరుతో సంపాదించిన ఆమోదం' అన్న బిరుదు వస్తుంది. ఇక 1989 నుంచి ఆ ఇళ్ల ప్రతి బ్లాకుకూ జాతుల కోటా ఉంది. కోటా నిండిన బ్లాకులో తెలుగువాడు ఇల్లు కొనాలంటే, అమ్మేవాడు కూడా ఇండియన్లు, ఇతరుల కోటాలోని వాడే అయి ఉండాలి. పౌరుడికి ఇంతకంటే దగ్గరగా తగిలే ప్రభుత్వం ఇంకోటి ఉంటుందా? దానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

అమరావతి కథ మరీ విచిత్రం. 2015 జులైలో సింగపూర్ మంత్రి ఈశ్వరన్ వచ్చి మాస్టర్ ప్లాన్ చేతిలో పెట్టారు. అసెండాస్, సెంబ్‌కార్ప్ కంపెనీలు జతకట్టి ముందుకొచ్చాయి. రైతులు 30 వేల ఎకరాలకు పైగా పూలింగులో ఇచ్చారు. 2019లో ప్రభుత్వం మారింది, నవంబరుకల్లా ఒప్పందం రద్దయింది. షెవోర్‌స్కీ లెక్కన ఇక్కడ మనకు నూటికి నూరు మార్కులు రావాలి: పాలించేవాడు ఓడాడు, దిగాడు, ప్రజాస్వామ్యం రుజువైంది. ఆ మార్కుల ఖరీదెంతో తుళ్లూరు రైతు చెబుతాడు.

ఆ ఈశ్వరన్‌కే 2024 అక్టోబరులో సింగపూర్ కోర్టు 12 నెలల జైలు వేసింది. పదవిలో ఉండగా కానుకలు పుచ్చుకున్నందుకు, న్యాయానికి అడ్డుపడినందుకు. కానుకల్లో కారు పందేల టిక్కెట్లు, విస్కీ సీసాలు, ఒక సైకిలు ఉన్నాయి. (సైకిలు మీద నేనేమీ అనను.) మన దగ్గర ఇవి చదివితే అభియోగ పత్రం అనుకోరు, పెళ్లి కానుకల చిట్టా అనుకుంటారు. సింగపూర్ నుంచి రోడ్లు తెస్తాం, టవర్లు తెస్తాం అనే నాయకులెవరూ ఈ ఒక్క సరుకు మాత్రం దిగుమతి జాబితాలో రాయలేదు. మంత్రిని సైతం పట్టుకుపోయే అవినీతి విచారణ సంస్థ సీపీఐబీని 1952లో తెల్లవాళ్లు పెట్టారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు తీసేయలేదు. కష్టమైన పాఠం ఇదే, ప్రశ్నపత్రంలో రాదు.

2025 జులైలో చంద్రబాబు గారు మళ్లీ సింగపూర్ వెళ్లారు. పాత స్నేహం చిగురించాలని అక్కడి మంత్రులను కలిశారు. పట్టిక ప్రకారం చూస్తే ఆయన గడప దాటనే లేదు.