ఫిల్టర్ మూత పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: పోతన ఊరు బమ్మెర, సోమనాథుడి ఊరు పాలకుర్తి. రెండూ ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉన్నాయి. ఇలాంటి నేల మీద వ్యాన్ మొరాయిస్తే దానికో పద్యం, పద్యానికో వ్యాఖ్యానం లేకపోతే మర్యాదగా ఉండదు. మూలం నాదే, టీకా నాదే. తిట్టేవాళ్లకు వెతుకులాట ఉండదు.

ఆ.వె.
క్లిప్పు విరిగెనేని కేలఁ దీగఁ గొనుచు
కట్టినంత మూత గట్టిపడును
విప్పువాడు లేక వెనుకఁ జేరును దుమ్ము
ఇంజినపుడు నూనె నెత్తి తాగు

ప్రతిపదార్థం: క్లిప్పు = ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూతను అదిమి పట్టే ఉక్కు కొక్కెము; విరిగెనేని = విరిగినచో (ఎగిరి ఇంజిన్ సందులో పడి కనబడకపోయినా అంతే); కేలన్ = చేత; తీగన్ = సెంట్రింగువాళ్లు సలాకలకు చుట్టే బైండింగ్ వైరును; కొనుచు = తీసుకొని (అడిగి అని కొందరు; అడగకుండా అని నా అభిప్రాయం); కట్టినంత = కట్టగానే; నూనెన్ = ఇంజిన్ ఆయిలును; ఎత్తి తాగు = గుటకలు వేయును.

తాత్పర్యం: తీగ కడితే మూత ఊడదు. ఊడదు గనకే ఎవరూ విప్పరు. విప్పరు గనక ఫిల్టర్ దులపరు.

విశేషాలు: కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన సుమారు 9 వేల లీటర్ల గాలి ఆ డబ్బాలోంచే పోవాలి. తీగ ఒక పక్కే బిగిసి మూత ఇంకో పక్క లేచి ఉంటే గాలి ఫిల్టర్ జోలికి పోకుండా సందులోంచి దూరుతుంది. మట్టిలోని ఇసుక రేణువు సిలిండర్ ఇనుము కన్నా గట్టిది. రింగులు అరుగుతాయి, ఆయిల్ పైకెక్కి కాలుతుంది, నీలిపొగ వస్తుంది, మెకానిక్ "బోరుకొచ్చింది" అంటాడు. అలంకారం కారణమాల అనేవాళ్లున్నారు. కాదు, అసంగతి: తీగ కట్టింది ముందు మూతకు, పొగ వచ్చింది వెనక సైలెన్సర్‌కు.

అసలు క్లిప్పు ఎందుకు విరుగుతుంది? పద్యం చెప్పలేదు గాని చెప్పాల్సింది ఇదే. చాలా డబ్బాల్లో మూతకు ఒక వైపు క్లిప్పులుంటే ఎదుటి వైపు ప్లాస్టిక్ పళ్ళుంటాయి. అవి గాడిలో పడకుండా, ఫిల్టర్ రబ్బరంచు మడతపడి ఉండగా, మోకాలితో అదిమి క్లిప్పు లాగుతాం. ఇంజిన్ వేడికి పెళుసెక్కిన, క్లిప్పును పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి పుటుక్కుమంటుంది, దాంతో క్లిప్పూ పోతుంది. దీని మీద షెడ్డు వాక్యం ఒకటుంది: "అన్నా, ముందు ఎనక పళ్ళు కూసోవెట్టు, గప్పుడు క్లిప్పెయ్యి." ఏ భాష్యకారుడూ ఇంతకన్నా క్లుప్తంగా చెప్పలేడు.

క్లిప్పుకు బదులు స్క్రూలున్న డబ్బాలకూ ఇదే గతి. మర తినేసిందని లావు స్క్రూ దించితే ప్లాస్టిక్ గూడు నిలువునా చీలుతుంది. అక్కడ ఇత్తడి ఇన్సర్టును వేడిచేసి దింపాలి. లేదా రబ్బరంచుకు బయట, డబ్బా అంచు మీద బోల్టు దూర్చి వింగ్ నట్టు పెట్టాలి. చేత్తో తిప్పితే వచ్చేది ఏదైనా మంచిదే.

పాఠాంతరాలు: మహబూబాబాద్ ప్రతిలో 'తీగ'కు 'ట్యూబు' అని ఉంది. అంటే కోసిన సైకిల్ ట్యూబు పట్టీ. గణాలకు నష్టం లేదు, మూతా సులువుగా వస్తుంది. కాకపోతే వేడికి రబ్బరు సాగిపోతుంది. సింగరేణి ఓపెన్ కాస్ట్ గనుల బొగ్గు టిప్పర్లు తిరిగే భూపాలపల్లి ప్రతిలో 'ఎం-సీల్' అని ఉంది. గణభంగం. పైగా అంత దుమ్ములో తరచూ విప్పాల్సిన మూతను అతికిస్తే తర్వాత విప్పడమంటే పగలగొట్టడమే. ఈ పాఠం త్యాజ్యం.

శంక: అయితే తీగ ఎప్పుడూ కట్టకూడదా?

సమాధానం: రఘునాథపల్లి దగ్గర చీకటి పడితే కట్టుకోవచ్చు. జనగామలో స్పేర్ పార్టుల దుకాణం తెరిచేదాకా.