మహారాజశ్రీ గడువు తేదీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గడువు తేదీ గారి దివ్యసముఖమునకు,

కర్నూలు, కడప జిల్లాల తల్లిదండ్రుల తరఫున రాసుకుంటున్న అర్జీ. తమరు ఏ ఆఫీసులో కూర్చుంటారో ఎవరూ చెప్పలేకపోయినందున పత్రిక ద్వారా పంపుతున్నాము.

మాత్రల అట్ట మీద, బిస్కెట్ పొట్లం మీద తమ సంతకం రోజూ చూస్తూనే ఉన్నాం. అక్కడ తమ అధికారాన్ని ప్రశ్నించే ధైర్యం మాకు లేదు. కానీ గడువు దాటిన జెయింట్ వీల్ టికెట్టులో ఏం పులిసిపోతుందో, ఎక్కడ బూజు పడుతుందో తమరే సెలవివ్వాలి. చక్రం అక్కడే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది. మేం కట్టిన డబ్బు కూడా కంపెనీ ఖాతాలో తాజాగానే ఉంటుంది. చెడిపోయేది మా చేతిలోని టికెట్టు ఒక్కటే.

మా పరిస్థితి కొంచెం మనవి చేసుకుంటాం. ఓర్వకల్లు రాళ్ల మధ్య తిరగాలన్నా, బెలూం గుహల్లోకి దిగాలన్నా అక్కడికక్కడే టికెట్టు కొంటాం, ఆ పూటే వాడేస్తాం. తమరితో పేచీ రాదు. నీళ్ల జారుడుబల్లలు, తలకిందులుగా తిప్పే బండ్లు కావాలంటే మాత్రం కర్నూలు వాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ అయినా, 2016లో రావిర్యాలలో తెరిచిన వండర్‌లా అయినా హైదరాబాదు శివార్లలోనే. కడప వాళ్లకు బెంగళూరు, మద్రాసు దగ్గరంటారు గానీ అవీ అంతకన్నా తక్కువ దూరమేం కాదు. బస్సు చార్జీలు, రాత్రి బస, తిండి అన్నీ కలిపితే టికెట్టు ఖర్చు అందులో ఒక భాగం. అందుకే మావాళ్లు తగ్గింపు కనిపించగానే ముందు టికెట్టు కొని పెట్టుకుంటారు, ప్రయాణం సంగతి తర్వాత చూసుకుంటారు. సరిగ్గా ఆ సందులోనే తమరు కాపు కాస్తారు.

మా వీధిలో ఒకాయన ఒక కూపన్ల సంస్థ దగ్గర నాలుగు టికెట్లు కొన్నాడు. తగ్గింపు శాతం బొటనవేలంత అంకెల్లో ఉంది. దాని పక్కన ఆవగింజంత చుక్క. ఆ చుక్క వెంట కిందికి దిగుతూ పోతే అడుగున ఇంగ్లీషులో తమ శాసనం. కొన్ననాటి నుంచి తొంభై రోజులు. శని, ఆదివారాలు చెల్లవు. ప్రభుత్వ సెలవు దినాల్లో చెల్లవు. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో అసలే చెల్లవు. ఆయన చదివించుకుని కాసేపు నోరు తెరిచి, తర్వాత అన్నాడు: “ఇస్కూలుకు సెలవిస్తే టికెట్టు చెల్లదంట. టికెట్టు చెల్లేనాటికి ఇస్కూల్లో పరీచ్చలంట. ఇంగ ఎవుర్ని తీస్కపోవాల సారూ, మా జేజినా?” జేజిని తీసుకుపోవడానికీ దారి లేదు. పెద్దవాళ్లకు ఇచ్చే రాయితీని ఇంకో తగ్గింపుతో కలపరాదని ఆ కిందనే రాసుంది.

ఇంకో చిక్కుంది. వండర్‌లా వంటి చోట్ల పిల్లల టికెట్టును వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి ఇస్తారు. సంక్రాంతికి కొన్న టికెట్టును తమరు దయదలచి దసరాదాకా పొడిగించినా, ఆలోగా పిల్లోడు నాలుగు వేళ్లు పెరిగి పెద్దల టికెట్టులో పడతాడు. పిల్లోడిని ఎదగవద్దని చెప్పలేం గదా.

కడప వైపు పల్లెల్లో తండ్రి కువైట్‌లో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆయన సెలవు కపిల్ అనే అక్కడి యజమాని చేతిలో ఉంటుంది, మన చేతిలో ఉండదు. అటువైపు సెలవు ఒక వారం వెనక్కి జరిగితే ఇటువైపు టికెట్లన్నీ చచ్చిపోతాయి. ఆ ఇంట్లో తమ పేరు చెబితే ఎలాంటి మర్యాద దక్కుతుందో ఇక్కడ రాయలేను.

తమరికి వేషాలు కూడా ఎక్కువే. ఒక టికెట్టు మీద తమరు ఫలానా రోజు అని ఖచ్చితంగా నిలబడతారు. మరో దాని మీద కొన్ననాటి నుంచి లెక్కపెడతారు. ఇంకో రకం టికెట్టుకు మొదటిసారి గేటు దాటిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది, మిగిలిన రోజులు వాడినా వాడకపోయినా కరిగిపోతాయి. ఏ వేషంలో ఉన్నారో డబ్బు కట్టక ముందు కనపడితే మాకు గొడవే లేదు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్టు చూడండి. తగ్గింపు లేదు, రద్దు లేదు, రోజూ వేళా మనమే ఎంచుకుంటాం. నిబంధన కఠినమే, అయినా మోసపోయానని కొండ దిగినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. రైలు వాళ్లయినా ముందే రద్దు చేసుకుంటే కొంత కోసుకుని మిగతాది చేతిలో పెడతారు.

తమరి ఘనత అమెరికాదాకా పాకిందని మా ఊరి సాఫ్ట్‌వేర్ పిల్లల తల్లిదండ్రులు చెబుతుంటారు. అక్కడ ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. 2005కు ముందు కొన్న బహుళరోజుల టికెట్లలో వాడని రోజులు ఎన్నేళ్లయినా అలాగే ఉండేవి. ఆ ఏడాది నుంచి గడువు వద్దనుకుంటే అదనంగా డబ్బు కట్టమన్నారు. 2015లో ఆ వెసులుబాటు కూడా తీసేశారు. అయినా వాళ్లు ఒక పద్ధతి మిగుల్చుకున్నారు: అసలు వాడకుండానే గడువు దాటిన టికెట్టుకు కట్టిన సొమ్మును కొత్త టికెట్టు ధరలో జమ వేసుకోనిస్తారు, పైన తేడా మాత్రం కట్టాలి. అంత పెద్ద వ్యాపారి చేయగలిగింది మనవాళ్లు చేయలేరంటే నమ్మబుద్ధి కావడం లేదు.

చట్టం తమ పక్షాన ఉందని మురిసిపోకండి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా ఆ భాషలోనే, ఆ అక్షరాల్లోనే, కళ్లకు కనపడే చోటే ఉండాలి. తెలుగులో తగ్గింపు చూపించి ఇంగ్లీషులో గడువు దాచడం కుదరదన్నమాట. 2023 నవంబరు 30న ఆన్‌లైన్ అమ్మకాల్లోని 13 మాయలకు పేర్లు పెట్టి మరీ నిషేధించారు. లేని తొందర పుట్టించడం, చివరి మెట్టులో ధర పెంచడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. బ్యాంకులు అమ్మే గిఫ్ట్ కార్డుకు కనీసం ఏడాది ఆయుష్షు ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. ఒక కంపెనీ తన దగ్గరే చెల్లేలా ఇచ్చుకునే కూపన్‌కు మాత్రం ఆ నియమం అంటదు. తమరు కాపురం పెట్టింది అక్కడే.

సేవలో లోపం ఉంటే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఐదు లక్షల లోపు సొమ్ముకు ఫీజు కూడా లేదు. కానీ ఒప్పందమే అన్యాయంగా ఉందని వాదించాలంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. అది విజయవాడలో ఉంది. కర్నూలు మనిషి టికెట్టు డబ్బుల కోసం విజయవాడకు పోతే బస్సు చార్జీలకే ఇంకో టికెట్టు వస్తుంది.

గడువుల సంగతి మాకు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలుకు 1956 నవంబరు 1తో ఆ హోదా చెల్లిపోయింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మీద మాత్రం తమ సంతకం పడలేదు. అందుకే కాబోలు, సీమలో ఇప్పటికీ ఎవరో ఒకరు దాన్ని బయటికి తీసి చూపిస్తూనే ఉంటారు.

మా ప్రార్థన చిన్నది. తగ్గింపుకు గడువు పెట్టుకోండి, మేం కట్టిన డబ్బుకు పెట్టకండి. రోజు దాటితే రాయితీ పోనీయండి, అసలు సొమ్ము మాత్రం తర్వాతి టికెట్టులో జమ వేయండి. బడి సెలవుల్లో చెల్లని టికెట్టును పిల్లల బొమ్మలేసి అమ్మడం మానిపించండి. ధర ఏ అక్షరాల్లో ఉందో, తమ పేరూ ఆ అక్షరాల్లో, తెలుగులో, ధర పక్కనే వేయించండి.

ఇట్లు,
టికెట్టు కొనేవాళ్లలో ఒకడు, కర్నూలు

తా.క.: ఇది చదివిన తల్లిదండ్రులకు. డబ్బు కట్టే ముందు ఆ చుక్క వెంట అడుగుదాకా వెళ్లి, షరతులున్న పేజీని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. వాడని టికెట్లు సగం ధరకు ఇస్తామనే ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర కొనకండి. తేడా వస్తే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెలుగులోనే చెప్పుకోవచ్చు.