మా బ్లోయరుకి పేటెంటు ఇప్పించండి

శ్రీయుత పేటెంట్ల కంట్రోలర్ గారికి,
పేటెంటు కార్యాలయం, గిండీ, చెన్నై.

నకలు: కాలుష్య నియంత్రణ మండలి వారికి, మా అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డుకి.

విషయం: మురుగునీటి శుద్ధిలో మా సంఘం కనిపెట్టిన మూడు పద్ధతులకు పేటెంటు మంజూరు చేయమని ప్రార్థన.

ఆర్యా,

నేను వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంటుని. ఉండేది హైదరాబాదు శివార్లలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో. పోయినేడు జనరల్ బాడీ మీటింగుకి వెళ్ళలేదన్న కోపంతో నన్ను కోశాధికారిని చేశారు. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు తమ కార్యాలయానికే రావాలి కాబట్టి కోశాధికారి హోదాలో తమకి రాసుకుంటున్నాను.

మా మొదటి ఆవిష్కరణ, కరెంటు అక్కర్లేని బ్లోయరు.

మా సెల్లారు చివర జనరేటరు గదిని ఆనుకుని ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంది. రెండొందల ఇళ్ళ స్నానాల నీళ్ళూ, దొడ్ల నీళ్ళూ అందులోకే వస్తాయి. ఆ మురుగుని తినేది యంత్రం కాదు, సూక్ష్మజీవులు. వాటికి ఊపిరాడాలంటే బ్లోయరు గాలి కొడుతూ ఉండాలి. లీటరు నీటిలో రెండు మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉంటే అవి తమ పని తాము చేసుకుపోతాయి. అవి బాగున్నాయో లేదో చూడ్డానికి పెద్ద ల్యాబు కూడా అక్కర్లేదు. లీటరు గాజు జాడీలో ట్యాంకు నీళ్ళు పట్టి అరగంట కదపకుండా ఉంచితే చాలు. బురద కాఫీ రంగులో ముద్దగా అడుక్కి దిగుతుంది, పైన తేటనీరు మిగులుతుంది. వాసన చూస్తే తడిమట్టిలా ఉంటుంది. మా ఆపరేటరు కుర్రాడు నా ముందు పట్టిన జాడీలో పైనా కిందా ఒకటే నలుపు. వాసన సంగతి ఉత్తరంలో రాయడం మర్యాద కాదు. కుళ్ళిన కోడిగుడ్డు అంటే తమకే అర్థమవుతుంది.

జాడీ చూసి తీర్పు చెప్పే చదువు నాకు లేదు. నేను కరెంటు బిల్లు చూశాను. అయిదు హార్స్‌పవర్ మోటారు అంటే దాదాపు 3.7 కిలోవాట్లు. లాగ్‌బుక్కులో బ్లోయరు రోజుకి 18 గంటలు నడిచినట్టుంది. అంటే రోజుకి 66 యూనిట్ల పైన, నెలకి దాదాపు 2,000. ప్లాంటు సబ్‌మీటరు చూస్తే పంపులూ లైట్లూ అన్నీ కలిపినా 600 దాటలేదు. మిగతా గాలి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఇది కొత్త ఆవిష్కరణ కాకపోతే మరేమిటో తమరే సెలవియ్యాలి.

రెండోది, ముందే నిండే లాగ్‌బుక్కు. ఇందులో పీహెచ్ ఉగాది నాడూ 7.2, వానకి సెల్లారులో మోకాల్లోతు నీళ్ళు నిలిచిన రోజూ 7.2. నెలాఖరు అంకెలు నెల సగంలోనే సిద్ధంగా ఉంటాయి. సంతకాలు మాత్రం రోజుకో రంగు పెన్నుతో పెట్టారు. ఆ శ్రద్ధకి నిజంగా ముచ్చటేసింది.

మూడోది, ల్యాబు రిపోర్టు. మన దేశంలో నీటిలో మిగిలిన మురుగుని కొలిచే బీఓడీ పరీక్ష చేయాలంటే సీసాని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచాలి. మాకు రిపోర్టు రెండో రోజు సాయంత్రానికే వస్తుంది. పది లోపు ఉండాలంటే తొమ్మిదీ చిల్లర చూపిస్తుంది. సీసాలో పట్టింది ఏ కుళాయి నీళ్ళని మాత్రం అడక్కండి. అది వ్యాపార రహస్యం.

తమ ఎగ్జామినరు పెట్టబోయే అభ్యంతరాలు ఊహించగలను. 1970 పేటెంట్ల చట్టం ప్రకారం ఆవిష్కరణలో కొత్తదనం ఉండాలి. ఇక్కడే మాకు దడ. పక్క కమ్యూనిటీలో విచారిస్తే ఇవే పద్ధతులు మాకన్నా ముందునుంచీ వాడుతున్నామని చెప్పారు. పైగా సెక్షన్ 3(బి) ఒకటుంది. పర్యావరణానికి తీవ్రమైన హాని చేసేది అసలు ఆవిష్కరణే కాదట. దీనికి మా ప్లాంటు నడిపే కాంట్రాక్టరు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: కాగితం మీద హాని ఎక్కడుందో చూపించమంటాడు.

మురుగు గురించి పేటెంటా అని తమరు నవ్వనక్కర్లేదు. ఇంగ్లండులో ఎక్సెటర్ ఊరి ఇంజనీరు డొనాల్డ్ కామెరాన్ 1890లలోనే సెప్టిక్ ట్యాంకుకి పేటెంటు తీసుకున్నాడు. దాని మీద అమెరికా ఊళ్ళతో నడిచిన దావాల్లో ఒకటి 1913లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బురదకి గాలి కొట్టి నీటిని శుభ్రం చేసే పద్ధతిని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు 1914లో లోకానికి చెప్పారు. మా సెల్లారులో నడవనిది అదే. ఆ పద్ధతి మీద పేటెంట్లున్న కంపెనీ మిల్వాకీ నగరం మీద దావా వేసి గెలిచింది. అయితే 1934లో అప్పీలు కోర్టు, పరిహారం సంగతి వేరు, ప్లాంటుని మాత్రం ఆపడానికి వీల్లేదంది. ఆపితే ఊరి మురుగంతా మిషిగన్ సరస్సులోకి పోతుందని దాని భయం. అక్కడ ప్లాంటు ఆగకుండా కోర్టు అడ్డుపడాల్సి వచ్చింది. మేం ఏ కోర్టూ అడక్కుండానే ఆపుకున్నాం.

కంట్రోలర్ గారూ, వేళాకోళం పక్కనబెడతాను. మా సంఘం డబ్బు లెక్కలకి ఆడిటరు వేరే ఉన్నాడు. నేనూ సీఏనే అయినా కోశాధికారిగా ఉంటూ ఆ లెక్కల మీద సంతకం పెట్టకూడదు. నా లెక్క నేనే సరేననుకోవడం మా వృత్తిలో తప్పు. ఆ ఆడిటరు పెట్టే ప్రతి సంతకానికీ 2019 నుంచి యూడిన్ అనే 18 స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎవరైనా ఆన్‌లైన్లో సరిచూసుకోవచ్చు. తప్పుడు సంతకమని ఫిర్యాదు వస్తే 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద విచారణ జరుగుతుంది, తేలితే రిజిస్టరులోంచి పేరు తీసేయొచ్చు కూడా. ఇంత ఉన్నా మోసాలు ఆగవని హైదరాబాదువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యాంకుల్లో లేని డబ్బు ఏళ్ళ తరబడి సత్యం కంప్యూటర్స్ బ్యాలెన్స్ షీట్లలో ఉందని 2009 జనవరి 7న బయటపడింది. కానీ 2015లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసినవారిలో ఆడిటర్లూ ఉన్నారు. సంతకం ఉంది కాబట్టి పట్టుకోవడానికి ఒక చెయ్యి దొరికింది.

మా లాగ్‌బుక్కులో అలాంటి చెయ్యి ఏదీ? ఆపరేటరుకిచ్చే జీతం పదహారు వేలు. బ్లోయరు ఆపమన్నది కాంట్రాక్టరు, కరెంటు బిల్లు తగ్గించమని కాంట్రాక్టరు మెడ మీద కూర్చున్నది మా కమిటీ. ఇందులో పోగొట్టుకోవడానికి లైసెన్సున్నవాడు ఒక్కడూ లేడు. ఉన్న ప్లాంటు తీసేసి ఎంబీఆర్ అనే కొత్త రకం పెట్టిస్తే అంతా బాగైపోతుందని ఒక కంపెనీవాళ్ళు మొన్న రంగుల బ్రోచరు ఇచ్చి వెళ్ళారు. స్విచ్చి ఆపితే అదీ ఆగిపోయేదే.

లైసెన్సు ఒక్కటీ ఇస్తే చాలదు, ఫీజు ఎవరిస్తున్నారన్నది కూడా చూడాలి. గుజరాత్‌లో ఫ్యాక్టరీలు తమ పర్యావరణ ఆడిటరుని తామే ఎంచుకుని, తామే ఫీజు ఇచ్చేవి. రిపోర్టుల్లో అంకెలన్నీ పరిమితికి అంగుళం కింద గుంపుగా చేరేవి, మా తొమ్మిదీ చిల్లరలాగే. 2009లో ఎస్తేర్ డుఫ్లో, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు అక్కడి కాలుష్య మండలితో కలిసి పద్ధతి మార్చి చూశారు. ఆడిటరుని లాటరీలో పంపారు, ఫీజు ఉమ్మడి నిధిలోంచి ఇచ్చారు, కొన్నిచోట్ల మళ్ళీ వెళ్ళి తనిఖీ చేశారు. రిపోర్టుల్లోకి నిజం వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, పొగా మురుగూ నిజంగానే తగ్గాయి. కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చిన పర్యావరణ ఆడిట్ నియమాల్లో ఆడిటర్ల రిజిస్ట్రేషన్ ఉంది, ఎవరి దగ్గరికి ఎవరు వెళ్ళాలో లాటరీ పద్ధతిలో తేల్చడమూ ఉంది. ఆ ఆడిటరు మా సెల్లారు మెట్లు కూడా దిగాలనీ, రాగానే ముందు సబ్‌మీటరు చూడాలనీ నకలు అందుకున్న మండలి వారికి నా మనవి. లెక్క చూడ్డానికి రసాయనశాస్త్రం రానక్కర్లేదు, గుణకారం వస్తే చాలు.

ఇక దరఖాస్తు సంగతి. ఫారం 1 నింపాను. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు. ఆవిష్కర్త గడి దగ్గర పని ఆగింది. కాంట్రాక్టరుని అడిగితే ఆలోచన కమిటీదన్నాడు. ప్రెసిడెంటు గారు తన కాలంలో మొదలైంది కాదన్నారు. సెక్రటరీ గారు అమెరికాలో మనవడి దగ్గరున్నారు. ఆపరేటరు కుర్రాడు ఒక్కడే ఎక్కడ సంతకం పెట్టాలి సార్ అని పెన్ను తీశాడు. వద్దని పంపేశాను. ఓచరు మీద సంతకం లేకుండా 1,600 విడుదల చేసే అధికారం నాకు లేదు కాబట్టి, ప్రస్తుతానికి ఫీజు జతచేయడం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
కోశాధికారి, అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘం